ఆర్పే చేయి

లిస్బన్‌లో ఇంకా తెల్లారలేదు.
అమదోరా నుంచి వచ్చే మొదటి బస్సులో
అన్నీ బకెట్టు పట్టే చేతులే,
అన్నీ సగం నిద్ర కళ్ళే.
జుల్మీరా కిటికీకి తల ఆనించి
దిగాల్సిన చోటు మోకాళ్ళతో గుర్తుపడుతుంది.

నాలుగో అంతస్తు.
మనుషులు వెళ్ళి పది గంటలైంది,
వాళ్ళ తెరలు మాత్రం వెళ్ళలేదు.
నూట పన్నెండు తెరల మీద
ఒకే నీలి సముద్రం, ఒకే కొబ్బరిచెట్టు,
ఖాళీ కుర్చీలకు సెలవుల ఆశ చూపిస్తూ.
ఫోన్లు లేని చార్జర్లు గోడను చప్పరిస్తున్నాయి,
ఆకలి తీరినా పాలపీక వదలని పసివాళ్ళలా.
మూల ప్రింటరు ఉండుండి మూలుగుతుంది.
ఎందుకని ఎవరూ అడగరు.

మొదట్లో ఊరుకునేది.
తుడవమన్నారు, తుడిచేది.
ఒక ఫిబ్రవరిలో, ఇంటి కరెంటు బిల్లు
కోటు జేబులో నలిగి ఉండగా,
ఒక పెట్టె వెనక చేయి పెట్టి చూసింది.
వెచ్చగా ఉంది,
పిల్లి అప్పుడే లేచి వెళ్ళిన పరుపులా.
ఆమె ఇంట్లో హీటరు లేదు.
కాసేపు అక్కడే చేయి కాచుకుని
బల్ల కిందికి వంగి
స్విచ్చు నొక్కింది.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు.
ఆమె ఇల్లు చక్కబెట్టి
దీపాన్ని సాగనంపుతుంది.
నా భాషలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది.
ఈ ఊరికీ ఏడు కొండలున్నాయంటారు.
ఒక్కో తెర నల్లబడ్డప్పుడు
ఆ కాస్త వెలుగూ ఏ కొండ ఎక్కుతుందో
నేను చెప్పలేను.

మూడో వారం గొడవైంది.
రాత్రంతా నడవాల్సిన లెక్క ఒకటి
తెల్లవారుజామున నడుం విరిగి పడిందట.
తెల్మో అనే కుర్రాడు, మంచివాడే పాపం,
పసుపు చీటీ అంటించాడు: ముట్టుకోవద్దు.
మర్నాటికి అన్ని బల్లల మీదా చీటీలు మొలిచాయి,
లెక్కలు నడిచేవాటి మీదా,
కొబ్బరిచెట్టు తప్ప ఏమీ లేనివాటి మీదా.

కింద, గుమ్మం పక్క గోడకు
అద్దాల చట్రంలో ఒక పత్రం:
ఇది పచ్చని కార్యాలయం.
దాని నెత్తిన చిన్న దీపం
రాత్రీ పగలూ వెలుగుతుంది.
పత్రం కనబడాలి కదా!
దాని స్విచ్చు ఎక్కడుందో కంపెనీలో ఎవరికీ తెలీదు.
జుల్మీరా వారానికోసారి ఆ అద్దం తుడుస్తుంది,
తన ముఖం కనబడేదాకా.

జూన్‌లో కొత్త లాప్‌టాప్‌లు దిగాయి.
మూడేళ్ళ వయసు పాతవి
అట్టపెట్టెల్లో, చెత్తగది గుమ్మంలో.
"పారేసేవేనా?" అంది.
తెల్మో మెడ గోక్కున్నాడు.
వారం తర్వాత, ఎవరినో అడిగి, ఎక్కడో సంతకం పెట్టి,
ఒకదాని జ్ఞాపకమంతా కడిగేసి
ఆమె సంచిలో పెట్టాడు.
కడగడం నీకూ వచ్చన్నమాట, అని నవ్విందామె.

అమదోరాలో మెట్ల కింద గది అదెరితుది.
ఒకప్పుడు గడియారాలు, ఇప్పుడు ఏది తెస్తే అది.
వీపు విప్పి ఉఫ్ మని ఊదాడు.
దుమ్ము, బిస్కెట్టు ముక్క, ఎవరిదో తెల్ల వెంట్రుక.
"రోగమేమీ లేదు, ఊపిరాడలేదంతే."
చచ్చిన ఇంకోదాని బ్యాటరీ తీసి దీనికి తొడిగాడు.
కూలి అడగలేదు,
ఆదివారం వండే కచూపా ఒక గిన్నెడు అడిగాడు.

ఇప్పుడు మనవరాలు ఇవెత్
దాని మీద భిన్నాలతో కుస్తీ పడుతుంది.
పిల్ల మూత వేయగానే
జుల్మీరా దాని వీపు మీద చేయి వేస్తుంది.
చల్లబడేదాకా తీయదు.

మొన్న తెల్మో తన చీటీ పీకేసి
కొత్తది అంటించాడు:
ఇదొక్కటే నడవనివ్వండి.
మిగతావి మీ చేతి చలవ.

మిగతావి నూట పదకొండు.
జుల్మీరా చీపురు గోడకానించి
నడుం వంచింది.
కింద, పత్రం నెత్తిన దీపానికి
ఇంకా స్విచ్చు దొరకలేదు.
వెతుకుతోంది.