రసం కొలిచే మనిషి

వేరాక్రూజ్ కొండల దిగువన
సాన్ హసింతో చక్కెర మిల్లులో
ఇరవై తొమ్మిది కోతకాలాలుగా
ఒబ్దూలియా పని ఒక్కటే:
లారీ గేటు దాటగానే
గెడలోంచి ఒక్క చుక్క రసం పిండి
గాజు మీద వేసి, వెలుతురుకేసి పట్టి
ఒంటికన్నుతో చూడడం.
పదిహేడు. పద్దెనిమిదిన్నర.
"ఇది నిన్న కొట్టింది కాదు,
మూడ్రోజులు ఎండలో పడుంది" అంటుంది
గెడ వాసన చూసి.
డ్రైవర్లు ఆమెతో వాదించరు.

ఈ డిసెంబరులో
మిల్లు డిస్పెన్సరీ నర్సు యరేలి
ఆమె వేలు పట్టుకుని పొడిచింది.
చుక్క. పట్టీ. ఐదు సెకన్లు.
నూట పదమూడు.
"పరగడుపేనా?"
"నల్లకాఫీ కూడా ముట్టలేదమ్మాయ్."

వారం తర్వాత పట్నం నుంచి ఇంకో అంకె వచ్చింది,
ఆరు పాయింట్ ఒకటి.
ఎర్రకణం ఆయుష్షు నాలుగు నెలలట.
తిరిగినన్నాళ్లూ తీపిని
ఒంటికి అంటించుకుంటూనే తిరుగుతుందట.
ఒబ్దూలియా తలూపింది,
వేలి చుక్క ఒక లారీ,
ఇది సీజన్ మొత్తం పద్దు.

"జబ్బేనా?"
"ఇంకా కాదు."
"మరి కానట్టేనా?"
యరేలి పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టింది.
గడప మీద నిలబడ్డ మనిషిని
ఇంట్లో ఉందంటామా, వీధిలో ఉందంటామా!

అన్న ఎరోన్ ఈ గడప ఎప్పుడు దాటాడో
ఎవరూ చూడలేదు.
ముందు దాహం అన్నాడు,
తర్వాత మానని పుండు,
ఆపైన ఎడమకాలి రెండు వేళ్లు.
"బూటులో చోటు మిగిలింది" అని
నవ్వేవాడు. మేం నవ్వేవాళ్లం కాదు
అంటుంది ఆమె, ఇంకా నవ్వకుండానే.

ల్యాబ్ నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పింది.
మూడు తోర్తియాలు, రెండు గంటలకి, నూట యాభై ఎనిమిది.
అవే మూడు, ముందు చిక్కుడుగింజలు తిని, నూట ముప్పై తొమ్మిది.
అవే మూడు, తిన్నాక వంతెన దాకా నడిచొచ్చి, నూట ఇరవై నాలుగు.
చింతపండు సోడా, ఒక్క సీసా,
ఆ అంకె పక్కన ఏమీ రాయలేదు,
గీత మాత్రం రెండుసార్లు గీసింది.
రాత్రి షిఫ్టు దిగిన పొద్దున
నిద్రలేమి కూడా తీపే.

ఒకటి మాత్రం అంతుపట్టలేదు.
అర్ధరాత్రి నూట నాలుగు,
తెల్లారి నూట పదిహేను.
మధ్యలో ఇంట్లో దొంగతిండి తిన్నదెవరు?
"కాలేయం" అంది యరేలి.
పొద్దున్నే పనికెళ్లే మనిషి కదా అని
లేవకముందే గాదె తలుపు తీసి
నాలుగు గింజలు జల్లుతుందట.
అదుపు చేసే చేతులున్నాయి, తడుతూనే ఉన్నాయి,
కండరాల తలుపులే
వానకి ఉబ్బిన చెక్కల్లా బిగుసుకున్నాయట.
ఆ రాత్రి పక్క మీద పడుకుని
కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుంది.
చెప్పకుండా వంట మొదలెట్టే అత్త ఒకత్తి ఉండేది,
అచ్చం అలాగే.

మార్చికి కోత ముదిరింది.
కాల్చిన చేల మసి ఎగిరొచ్చి
ఆరేసిన దుప్పట్ల మీద వాలుతోంది,
ఊరంతా మాడిన పాకం వాసన,
ఊపిరి పీల్చినా లెక్కలోకొస్తుందేమో
అని జోక్ చేస్తే
యరేలి నిజంగానే కంగారుపడింది.
వంతెన మూడుసార్లు దాటినా
అంకె కదలని రోజులున్నాయి.
అలాంటి రోజు మీటర్ను సొరుగులో పడేసి
పది దాకా దాని మొహం చూడదు.
తర్వాత తీస్తుంది.
ఒక్క చుక్క చూసి చేను పాడైందని
ఏ రైతుకీ చెప్పలేదు తను,
తనకి మాత్రం ఎందుకు చెప్పుకోవడం!

ఇవాళ నూట నాలుగు.
చివరి లారీ డ్రైవరు తెలెస్ఫోరో
తొక్క తీసిన గెడ ముక్క చేతికిచ్చాడు,
"అక్కా, కొలవకుండా తిను ఒక్కసారి."
అలవాటు కదా, కొలిచింది. పందొమ్మిది.
బొటనవేలంత విరిచి నమిలి
పిప్పి ఊసి
మిగిలింది అతనికే ఇచ్చేసి
కుర్చీ వైపు చూసి
వంతెన వైపు నడిచింది.