ఓడరేవు మూసిన రోజు

తెల్లవారకముందే రేడియో చెప్పేసింది:
ఉత్తరపు గాలి, ఓడరేవు మూత.
చిలోయే దీవిలో ఈ రెండు మాటలు చాలు,
పడవలకు సెలవు, మగవాళ్లకు చికాకు.
పిల్లలకైతే
నాన్న దొరికిపోయినట్టే.

"ఇవాళ అమ్మ పుట్టినరోజు" అంది అంపారో.
ఆరేళ్లది, నడుం మీద చేతులు.
"కేకు చెయ్యాలి."

నాకు వల అల్లడం వచ్చు,
మంచులో తాడు ముడి విప్పడం వచ్చు.
"అవి కేకులో వెయ్యరు" అంది.

పిండి కొలవడానికి చెవి విరిగిన కప్పు.
"విరిగిన చోటు దాకా పొయ్యి,
అమ్మ అక్కడికే పోస్తుంది."
ఏడేళ్లుగా ఈ వంటింట్లో తింటున్నాను,
ఆ కొలత నాకెందుకు తెలియలేదు?

గుడ్ల కోసం వానలో జునిల్దా గారింటికి వెళ్లాం.
మూడు గోధుమరంగువి, ఒకటి నీలంది,
ఇక్కడి కోళ్లు కొన్ని అలాగే పెడతాయి.
నీలందాన్ని బెలార్మినో జేబులో వేసుకున్నాడు.
మూడేళ్ల వాడికి తాత పేరు,
వాడికంటే బారెడు పొడుగు.
దారిపొడవునా జేబు మీద చెయ్యి తియ్యలేదు,
రెండుసార్లు జారిపడ్డా.

మూడు గుడ్లు పగిలాక
నాలుగోది ఇవ్వనన్నాడు.
బతిమాలాను. బెదిరించాను.
ఆఖరికి వాడే గిన్నె అంచుకు కొట్టాడు,
లోపలికి తొంగిచూశాడు గుడ్లప్పగించి.
పచ్చసొన.
ఏడవలేదు. చాలాసేపటికి అడిగాడు:
"ఇది కూడా పసుపేనా?"
ఏం చెప్పాలో తోచక
చక్కెర పోశాను.

మాది కట్టెల పొయ్యి, దానికి ముల్లూ లేదు, అంకెలూ లేవు.
మా అమ్మ లోపల చెయ్యి పెట్టి
పది లెక్కపెట్టేది.
నేనూ పెట్టాను. పది. పదిహేను. ఇరవై.
ఏమీ తెలియలేదు.
తాళ్లు ఎప్పుడు తినేశాయో ఈ అరచేతిని.
"జరుగు నాన్నా" అని
అంపారో తన చెయ్యి చాచింది, తలుపు దగ్గరే.
మూడుకే వెనక్కి లాక్కుంది.
రెండు కట్టెలు బయటికి లాగేశాను,
ఇల్లంతా పొగ,
ముగ్గురం దగ్గుతూ నవ్వాం.

తలుపు తెరవొద్దని ఎన్నిసార్లు చెప్పానో.
నేను బల్ల మీద పిండి తుడుస్తుంటే
బెలార్మినో తెరిచాడు,
కేకు నిద్రపోయిందో లేదో చూద్దామని.
అంతే, నడిమధ్య గుంట పడింది,
అలలు తగ్గాక ఇసుకలో కాలి మడమ గుర్తులా.
అక్క వాడి వైపు చూసిన చూపుకి
నేనే భయపడ్డాను.
అటక మీది ముర్తా పండ్ల జామ్ తీసి
ఆ గుంట నిండా పోశాం.
"ఇలాగే చెయ్యాలనుకున్నాం" అంది అంపారో,
"ఎవరడిగినా ఇదే చెప్పండి."

సాయంత్రం యులాలియా వచ్చింది
సాల్మన్ చేపల ఫ్యాక్టరీ వాసనతో,
చల్లనీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లతో.
కొవ్వొత్తులు చిన్నవి లేవు.
కరెంటు పోతే వెలిగించే లావుపాటిది
కేకు పక్కన నిలబెట్టాం, కాపలావాడిలా.
ఊదింది.

మొదటి ముక్క నమిలింది.
పంటి కింద కటుక్కుమంది.
అందరం ఊపిరి బిగబట్టాం.
నాలుక మీంచి వేలితో తీసి
దీపం కిందికి పట్టింది.
గోరంత పెంకు,
నీలం.

"అది నాది!" అన్నాడు బెలార్మినో.
"నీదేనా? అయితే నేను దాచుకుంటాను" అని
పని కోటు జేబులో వేసుకుంది,
గుర్తింపు కార్డు పక్కన.

రేడియో మళ్లీ మోగింది.
రేపు కూడా మూత.
చికాకు పడలేదని చెబితే అబద్ధం,
డీజిలు బాకీ అలాగే ఉంది.
కానీ సగం కేకూ ఉంది.
చేతులకంటిన జామ్ నాకుతూ
ఇద్దరు పిల్లలు నన్నే చూస్తున్నారు,
రేపు ఏం చేద్దామని.