తూకం చిట్టా కింద నవల

పలాసలో మధ్యాహ్నం మూడింటికి
బాయిలర్ ఊపిరి పీల్చుకుంటుంది.
తూకం చిట్టా కింద దాచిన నవల
అప్పుడు బయటికి తీస్తాను.
దూరవిద్య ఎమ్మే, రెండో ఏడు, నాలుగో పేపరు.
కాశీబుగ్గ పోస్టాఫీసుకి
మూడు వారాలు ఆలస్యంగా వచ్చిన కట్టలోది.

మొదటిసారి ఒక్క రాత్రిలో చదివేశాను.
దివాణం చిన్నకొడుకు అప్పులపాలై
రంగం పడవెక్కే చోట ఏడ్చాను.
తలగడ తడిసింది.
అంతకంటే చెప్పడానికేం లేదు.

తర్వాత సిద్ధాంతాలు వచ్చాయి,
సన్నటి అచ్చుతో, తుప్పు పట్టిన పిన్నులతో.
ఒకటి, కథ ఎలా కట్టారో చూడమంది.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే అనిపించింది
కానీ లెక్కపెట్టాను:
ప్రతి గండానికీ ముందు ఓ తలుపు మూసుకుంటుంది.
తొమ్మిది తలుపులు.
ఇంకొకటి, ఎవరి చెమట ఎవరి కంచంలో ఉందో చూడమంది.
మూడు వందల పేజీల్లో
వరి కోసిన వాళ్ళకి ఒక్క వాక్యం,
అదీ వాన గురించి చెబుతూ.
ఎర్ర పెన్సిల్ గీత అక్కడ కాగితాన్ని చింపింది.

మూడోదాన్ని పైకి చదివాను:
రచయిత చచ్చిపోయాడు, ఇక అర్థం చదివేవాళ్ళదే.
పొర తీస్తున్న దాలమ్మ కత్తి ఆపి
"అయ్యో, ఎప్పుడు పోనాడే? దినాలైపోనాయా?" అంది.
గదంతా నవ్వింది.
ఆమె నవ్వలేదు.
"అయితే ఆడి కతేటో సదువు. పోనోడి మాట ఇనాల."

రోజుకి పాతిక పేజీలు.
గుండు ఒక బుట్టలోకి, బద్ద ఒక బుట్టలోకి,
ముక్క మేస్త్రీ చూడకుండా నోట్లోకి.
పన్నెండో రోజు, చిన్నకొడుకు రేవులో నిలబడ్డాక,
నా గొంతు మళ్ళీ జీరపోతుంటే
దాలమ్మ అడిగింది:
"ఆ వొండీ మడిసి పేరేటే, గుంటా?"

ఏ వంటమనిషి?

"సద్దిమూట గుమ్మంలో ఎట్టింది కాదేటి?
అది నేకపోతే ఆ పిల్లడు పడవ దాకా ఎల్లీవోడేనా?"

వెనక్కి తిప్పాను.
పదిహేడు చోట్ల ఉంది.
నీళ్ళు తెచ్చింది. దీపం పెట్టింది. పక్కకి తప్పుకుంది.
నేను లెక్కపెట్టిన తొమ్మిది తలుపులూ
మూసింది ఆమే.
పేరు లేదు.

ఆ ప్రశ్నకి మాత్రం పేరుంది నా పుస్తకాల్లో.
ఏడో యూనిట్ మొత్తం దాని గురించే.
ఈసారి పరీక్షకి రాదన్నారని వదిలేశాను.

"రాసినోడు మర్సిపోనాడా, కావాలనే ఇడిసీసినాడా?"
పక్క పీట మీంచి నీలవేణి.
"పోనోణ్ణి ఏటడుగుతాం," అంది దాలమ్మ,
"పుస్తకాన్నే అడగాల."

సిద్ధాంతం కత్తి లాంటిదన్నారు
ఆదివారం క్లాసులో జగ్గునాయుడు మాస్టారు.
ఆయన ఎప్పుడూ పొర తీసినట్టు లేదు.
కత్తి ఒక్క వెంట్రుక లోపలికి దిగితే
గుండు బద్దైపోతుంది, కూలి కోసేస్తారు.
నేనూ రెండు అధ్యాయాలు ముక్కలు చేశాను
మార్జిన్లలో పెద్ద పెద్ద మాటలు రాసి.
ఆ అధ్యాయాలు మళ్ళీ చదవాలి, పెన్సిల్ లేకుండా.

ఐదింటికి గంట కొట్టాక
సద్దిమూట ఉన్న పేజీ చూపించమంది.
చదవడం రాదు.
ఆముదం రాసుకున్న బొటనవేలు
ఆ వాక్యం మీద పెట్టి కాసేపు ఉంచింది.
ముప్పై ఏళ్ళు పిక్కలు కొట్టిన వేలు,
రేషన్ డిపోలో మిషను గుర్తుపట్టని వేలు.
మరక పడింది.
అందులో ఒక్క గీతా లేదు.

శనివారం పరీక్ష.
ఏదైనా ఒక సిద్ధాంతంతో విశ్లేషించండి, పదహారు మార్కులు.
రాత్రి బల్బు కింద ఆ పేజీ ఎత్తి పట్టుకున్నాను.
నూనె తాగిన చోట కాగితం పల్చనై
అవతలి పేజీ అక్షరాలు
తిరగబడి కనిపిస్తున్నాయి.