ఐదు పిన్నుల తీగ

పది తెత్రీల నాణెం వేస్తే గాని
ఏడో అంతస్తుకి కదలదు మా లిఫ్టు.
ఇవాళ మూడు నాణేలయ్యాయి.
ఒక్కో సింథసైజరుకి ఒక్కో ప్రయాణం,
తడవకుండా దుప్పటి చుట్టి, చంటిదాన్ని ఎత్తుకున్నట్టు.

కుతాయిసిలో మార్చి. మంచు కరిగి
రియోనీ నది మట్టిరంగులో గొణుక్కుంటోంది.
వంటింటి బల్ల మీద కంప్యూటరు,
దాని పక్కన అగ్గిపెట్టెంత మిడి డబ్బా,
రొట్టె పొడి, ఒక స్క్రూ. ఎందులోదో తెలీదు.

"ఈ తీగలో పాట పోదు" అన్నాను.
వాజా నమ్మలేదు. చెవి ఆనించి విన్నాడు కూడా.
పోయేదల్లా కబురు:
ఏ మెట్టు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదలాలి.
అంతే.
గొంతు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

ఒకటో చానెల్ నల్లదానికి,
రెండోది మూల విరిగిన జపాను దానికి,
మూడోది నిన్న సంతలో బేరమాడి తెచ్చిన దానికి.
అన్ని ఉత్తరాలూ అందరి గుమ్మం ముందునుంచే పోతాయి.
తన పేరున్నది చదువుకుని,
లేనిది చింపకుండా పక్కింటికి అందించాలి.
మనుషులకి కష్టం గాని
యంత్రాలకి ఈ మర్యాద పుట్టుకతోనే ఉంది.

నల్లది పలికింది.
జపానుది కాస్త నసిగి, పలికింది.
మూడోది
చెవిటివాడి ముందు శంఖం.

చానెల్ మార్చాను. ఆపి మళ్ళీ పెట్టాను.
సంతలో అమ్మినవాణ్ణి, వాడి మీసాల్నీ తిట్టాను.
అప్పుడు అడిగాడు వాజా, రొట్టె నములుతూ:
"ఈ చివరి తీగ ఎక్కడిది?"

మేనత్త ఎతేరి టేప్ రికార్డరుది.
అవే ఐదు పిన్నులు, అదే అర్ధచంద్రం,
క్లిక్కుమని చక్కగా దిగింది కూడా.
నోరు కలిసింది, మాట కలవలేదు.

తొడుగు విప్పితే లోపల మూడే పోగులు,
మనకి అక్కర్లేని పిన్నులకి అతికి.
ట్రక్కుల ఫ్యాక్టరీ గాయకులు
భోజనాల బల్ల చుట్టూ మూడు గొంతులు కలిపినప్పుడు
అత్త ఈ తీగతోనే పట్టింది వాళ్ళని.
ఇది పాటనే మోసింది, ముప్పై ఏళ్ళు,
దగ్గుతో సహా, గ్లాసుల చప్పుడుతో సహా.
కబుర్లు మోయడం దానికెవరూ నేర్పలేదు.

కొత్త తీగ కొనొచ్చు. పన్నెండు లారీలు.
జేబులో ఏడున్నాయి.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేదాకా ఎవరమూ మాట్లాడలేదు.
రెండు పోగులు ఊడదీసి
నాలుగుకి ఒకటి, ఐదుకి ఒకటి.
చేయి వణికి మొదటిది చెడిపోయింది.
రెండోసారి కుదిరింది.

మీట నొక్కాను.
మూడోది గొంతెత్తింది, లోతుగా,
ఆ ఫ్యాక్టరీలో మంద్రం పట్టే మనిషిలా.
వాజా గంతు వేశాడు, కాలికి తీగ చుట్టుకుంది,
డబ్బా ఊడి నేల మీద పడింది.

నొక్కమన్న కబురు చేరింది.
వదలమన్నది దారిలోనే పోయింది.
ఇక ఆ స్వరం ఆగదు.
ఎంతకీ ఆగదు.
వదలమని ఎవరూ చెప్పలేదు కదా, పాపం,
గుక్క తిప్పుకోకుండా నిలబెట్టుకుంది మాటని.

కింద ఆరో అంతస్తులో త్సియూరి
గరిటెతో హీటరు గొట్టం మీద కొట్టడం మొదలెట్టింది.
ఆ గొట్టం మేడంతా పోతుంది.
ఐదులో ఎవరో అందుకున్నారు, తర్వాత మూడులో.
తమకు సంబంధం ఉన్నా లేకపోయినా
కిందికి అందించారు.

కరెంటు తీసేశాను.

నిశ్శబ్దం. నది.
కాసేపటికి, బాగా ఆలస్యంగా,
రెండో అంతస్తు నుంచి
టంగ్, టంగ్.