ఘర్షణ లేని తలం

గురువారాలు రాత్రి బడి. రైల్వే కాలనీలో
రేడియేటరు గొణిగే ఒక గది.
పదకొండు మంది. అందరి గోళ్ళలోనూ గ్రీజు.
వాహ్ నది అవతల యార్డులో
బఫర్లు ఢీకొన్నప్పుడల్లా
నా చేతిలో సుద్దముక్క ఉలిక్కిపడుతుంది.

పరీక్షలో ఐదో ప్రశ్న నేనే రాశాను, ముచ్చటపడి:
ఇరవై టన్నుల వాగన్ ఒకటి
సెకనుకు రెండు మీటర్ల వేగంతో
ఘర్షణ లేని తలంపై పోవుచున్నది.
ఎంతసేపటికి ఆగును?

ఎప్పటికీ ఆగదు. అంతే జవాబు.
అంత చిన్న జవాబులో అంత పెద్ద ఆకాశం ఉందని
పాతికేళ్ళుగా చెబుతున్నాను.

ద్రహోస్లావ్ కుబిష్, యాభై రెండేళ్ళు, వెనక బెంచీ,
ఇలా రాశాడు:
"డ్యూటీలో నేనుంటే, పది మీటర్లలో."

సున్నా వేశాను. ఎర్ర సిరాతో, గుండ్రంగా.

అతను వాదించలేదు. టోపీ పెట్టుకుంటూ
"శనివారం రాత్రి యార్డుకి రండి మేడం,
మందపాటి బూట్లతో" అన్నాడు.

*

తాత్రా కొండల మీంచి దిగిన చలి.
యార్డు నడుమ ఓ మట్టిదిబ్బ. ఇంజను
వాగన్లను దాని నెత్తికెక్కించి కొక్కెం విప్పుకుంటుంది.
అక్కణ్ణుంచి ఎవరూ తొయ్యరు, ఎవరూ లాగరు.
చప్పుడొస్తుందనుకున్నాను.
రాలేదు. చీకట్లోంచి ఇల్లంత ఇనుము వచ్చింది.
దొంగ కూడా అంత మెత్తగా నడవడు.

"మోగేది చంపదు" అన్నాడు కుబిష్.

పట్టా మీద ఒక ఇనుప చెప్పు పెట్టి
రెండడుగులు వెనక్కి వేశాడు.
చక్రం వచ్చి చెప్పులో కాలు పెట్టింది.
కీచుమని, రవ్వలు చిమ్మి, కాలిన వాసనేసి,
నేను పది లెక్కపెట్టేలోగా నిలబడిపోయింది.
అంగలేసి కొలిచాను. తొమ్మిదిన్నర మీటర్లు.

"ఘర్షణ లేదనుకోండి అంటారు మీరు.
నా జీతం దాంట్లోంచే వస్తుంది."

తర్వాత కదలకుండా ఉన్న ఒకదాన్ని చూపించి
తొయ్యమన్నాడు.
నవ్వాను. నా బరువు యాభై ఎనిమిది కిలోలు.
"వీపు ఆనించండి. బూటు స్లీపరుకి తన్నిపెట్టండి.
తొందరపడకండి."
పక్కన తనూ ఆనాడు.

నేను దాన్ని ఎంత నెట్టానో అదీ నన్నంత నెట్టింది.
వెయ్యిసార్లు బోర్డు మీద రాసిన ఆ వాక్యం
భుజం ఎముకకి మొదటిసారి అర్థమైంది.
నా బూటు స్లీపరుని తన్నింది,
స్లీపరు కంకరని, కంకర భూగోళాన్ని.
చాలాసేపు ఏమీ లేదు.
ఆ తర్వాత వీపు వెనక
వెంట్రుకవాసి ఖాళీ.

కదిలింది!

మిగిలిన బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే
ఎంత చిన్నదైనా రావచ్చు,
సున్నా మాత్రం కాదు.

*

ఆదివారం, కమిలిన భుజంతో, అతని పేపరు మళ్ళీ తీశాను.
సున్నాకి పైన ఒక తోక తగిలించాను.
ఆరు. పదికి.

గురువారం అది చూసి అతనే తల అడ్డంగా ఊపాడు.
"తప్పు కదా మేడం. అది ఎప్పటికీ ఆగదు."
"తెలుసా నీకు?"
"తెలుసు."
"మరి?"

రేడియేటరు కాసేపు గొణిగింది.

"ఓ జనవరిలో పట్టాల మీద మంచు పేరింది, గాజులా.
చెప్పు పెట్టాను. చక్రం ఎక్కింది కూడా.
రెండూ కలిసి జారిపోయాయి.
అటు చివర ఇమ్రిఖ్, వీపు ఇటు పెట్టి
కొక్కెం తగిలిస్తున్నాడు.
అరిచాను. గాలి ఎదురు.
మీ ప్రశ్న నేను చూశాను మేడం,
కళ్ళతో.
ఎప్పటికీ ఆగదని రాయడానికి
చెయ్యి రాలేదు."

ఆ రోజు పాఠం ద్రవ్యవేగం.
మొదలుపెట్టమని ఎవరూ అడగలేదు.

నది అవతల ఎక్కడో బఫర్లు ఢీకొన్నాయి.
గట్టిగా మోగింది.
ఇద్దరం తలలెత్తి విన్నాం.