లేని వలయం

ఫారంలో ఎనిమిది గళ్లున్నాయి.
లైబ్రరీ చూపించారా? టిక్కు.
ల్యాబు తాళంచెవి ఇప్పించారా? టిక్కు.
మొదటి వారం ఎలా గడిచింది అన్నచోట
ఎలియుతేరియో నీళ్లు నమిలాడు.
బాగానే, అని నేనే రాసేశాను.
మూడేళ్ల కిందట నా ఫారంలోనూ
ఒందీనా ఆ మాటే రాసింది.

వాల్దివియాలో పట్టుకున్న వాన
ఎప్పుడు విడుస్తుందని అడిగాడు.
నవంబరులో, అన్నాను.
నవ్వుతానేమోనని కాసేపు చూశాడు.
అతనిది కలామా, ఎడారి.
వాళ్ల వీధి మొత్తానికీ ఒకటే చెట్టట,
దానికి నీళ్లు పొయ్యడానికి
ఇంటింటికీ వంతులట.
అలాంటివాడు ఇంత దూరం వచ్చింది
అలెర్సే మానుల వలయాలు లెక్కపెట్టడానికి.

నేను నేర్పినవేవీ ఫారంలో లేవు.
గైడు "ఆసక్తికరం" అంటే మళ్లీ చెయ్యమని,
"చాలా ఆసక్తికరం" అంటే అసలు చదవలేదని.
స్కాలర్‌షిప్పు మే నెల దాకా పడదని,
అందాకా గురువారం సెమినారులో మిగిలిన ఎంపనాదాలు
రుమాల్లో చుట్టుకుపోతే ఎవరూ ఏమీ అనుకోరని.
మెట్ల కింద, దుంగలు ఆరబెట్టే గదిలో
ఎంత ఏడ్చినా బయటికి వినపడదని.
"నీకెలా తెలుసు?"
కలప శబ్దాన్ని తాగేస్తుంది, అన్నాను.
శాస్త్రమే చెప్పాను.
అతను మాత్రం నా మొహమే చూస్తున్నాడు.

జూన్‌లో ఓ రాత్రి
మైక్రోస్కోపు దగ్గరికి రమ్మన్నాడు.
తన చెట్టులో ఒక ఏడాది తగ్గుతోంది.
ఆరుసార్లు లెక్కపెట్టాడట.
గరుకు కాగితం రుద్దీ రుద్దీ
వేలి కొసలు ఎర్రగా కందిపోయాయి.
"తప్పు చెట్టుది కాదు.
నన్ను తీసుకోవడంలోనే ఎవరో పొరబడ్డారు."

ఒందీనా అయితే ఏమనేదో గుర్తుకు రాలేదు.
అరలోంచి నా నమూనా తెచ్చి
అతనిదాని పక్కన పెట్టాను.
అదే కొండ, అదే వాలు,
నలభై అడుగుల ఎడంలో పెరిగిన మాను.
సన్నటి గీతకు సన్నటి గీత,
వెడల్పుకు వెడల్పు
జత చూసుకుంటూ వెనక్కి నడిచాం.
తాతల కాలం దాటాం. ముత్తాతలనీ దాటాం.
ఒకచోట నా చెట్టుకో గీతుంది,
వెంట్రుకంత.
అతని చెట్టుకు లేదు.

"ఆ ఏడు కరువు.
నీది వలయం వెయ్యలేదు.
చచ్చిపోలేదు, ఊరికే వెయ్యలేదంతే.
తర్వాతి ఏడు చూడు, మళ్లీ మొదలెట్టింది.
దాన్నొక్కదాన్నే పెట్టుకుని చూస్తే
నీకు ఏడోసారీ తప్పే వచ్చేది."

చాలాసేపు కన్ను తియ్యలేదు.
కిటికీ అవతల నది ఒడ్డున
చేపల బజారు సముద్ర సింహాలు
ఏ చేప తల కోసమో కొట్టుకుంటున్నాయి.
అప్పుడు, కటకం మీంచి తలెత్తకుండానే,
"మరి నీ మూడో అధ్యాయం?" అన్నాడు.

నేనెవరికీ చెప్పలేదు.
"నీ తెర మీద ఆ ఫైలు పేరు పక్కన
ఎప్పుడు చూసినా ఫిబ్రవరి అనే ఉంటుంది."

ఈసారి నీళ్లు నమలడం నా వంతు.
అతను లేచి నీళ్లు కాచాడు,
మాతే కలిపాడు, చేదుగా,
ఎడారివాడి చెయ్యి.
"పైకి చదువు, వింటాను.
నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదుగా?"

చదివాను.
రెండో పేజీలో తల వాల్చేశాడు.
నాలుగో పేజీకి గుర్రు.
ఆపుదామనుకున్నాను గానీ
నిద్రపోతున్న మనిషి ముందు
గొంతు వణకడం మానేసింది.
వాన రేకు మీద తన పని తను చేసుకుంటోంది.

పదకొండో పేజీలో
కనపడింది,
ఫిబ్రవరి నుంచీ నన్ను నిలబెట్టేసిన తప్పు,
ఇంతాచేసి ఒక కూడిక.

అతన్ని లేపకుండా
అతని జేబులోంచి పెన్సిలు తీసుకున్నాను.