తలంటు

మస్కీగన్‌లో ఫిబ్రవరి. సరస్సు మీంచి లేచిన మంచు
కిటికీకి అడ్డంగా కురుస్తోంది.
బెర్నడీన్ వంటింట్లో పొయ్యి మీద
ఏమీ ఉడకడం లేదు. ఉత్త నీళ్ళు.
మిఠాయి పాకం చూసుకునే థర్మామీటరు
నూట ముప్పై దగ్గర ఆగాలి.
"అంతకు మించితే చిట్లుతుంది.
ఇర్మా తనదాన్ని ఓవెన్‌లో పెట్టింది పోయినేడు.
పుచ్చకాయలా పగిలింది."

బంతి మలుపు తిరగడం మానేసింది, అదీ సంగతి.
క్రిస్మస్ దాకా కుడి గట్టు వారగా వెళ్ళి
చివర్లో మనసు మార్చుకున్నట్టు
ఎడమకి ఒరిగి, మొదటి పిన్ను భుజాన తగిలేది.
ఇప్పుడు గీత గీసినట్టు తిన్నగా పోతోంది,
చెప్పిన మాట వినే పిల్లాడిలా. ఎవరిక్కావాలి?
దాని తప్పేం లేదు. లేను మీద పూసే నూనెని
ప్రతి బుధవారం, మూడేసి ఆటలు,
గుక్కగుక్కగా తాగింది.
ఒళ్ళంతా నూనె రాసుకుని పొర్లినా
అంటేదే అంటుతుందంటారు.
దీనికి అన్నీ అంటాయి. అంటి, ఊరుకోవు, ఇంకుతాయి.

దుకాణంలో కుర్రాడు నలభై డాలర్లన్నాడు.
"నాకు పొయ్యి లేదా, బకెట్టు లేదా" అని
చంకన పెట్టుకుని వచ్చేసింది.

వేళ్ళు దూర్చే మూడు కన్నాల మీదా టేపు అతికించాం,
నీళ్ళు పోసేటప్పుడు పసిబిడ్డ చెవులకి
అరచేతులు అడ్డుపెట్టినట్టు.
గిన్నెల సబ్బు రెండు చుక్కలు.
మెల్లగా దించింది.

బంతి తేలింది.

ఇద్దరం దానికేసే చూస్తూ నిలబడ్డాం.
పద్నాలుగు పౌన్లది మునుగుతుంది. పన్నెండుదీ మునుగుతుంది.
పదకొండుది తేలుతుంది.
భుజం ఆపరేషనయ్యాక డాక్టరు ఒప్పుకున్నది పదకొండుకే.
"చిన్నపిల్లల బంతి" అంది బెర్నడీన్,
చెక్క గరిటెతో దాని నెత్తిన నొక్కుతూ.

ఇరవై నిమిషాలు. పైకి తీస్తే
జ్వరం విడిచిన ఒంటి మీద చెమటలా సన్నటి బొట్లు.
ఆర్లో పాత బనీనుతో తుడిచింది. బనీను పచ్చబడింది.
మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ గరిటె, మళ్ళీ బనీను.
నాలుగో తడవకి గుడ్డ పొడిగా వచ్చింది.
బొటనవేలితో రాస్తే
తలంటి పోసుకున్న జుట్టులా కిర్రుమంది.

నీళ్ళు పారబోయబోతుంటే ఆగమంది.
"నేలమాళిగలో ఇంకోటుంది. నువ్వే తేవాలి."
బట్టల డ్రయ్యరు వెనకాల, ఊదారంగు సంచీలో,
పద్నాలుగు పౌన్లు.
మెట్లెక్కేసరికి నా మోచేతులు పట్టేశాయి.
ఆ చెయ్యి దీన్ని మళ్ళీ విసరదని
నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. నేనేమీ అడగలేదు.

అది నేరుగా అడుక్కి పోయి కూర్చుంది.
"చూశావా" అంది. అంతే.

బొట్లు లేచాయి. ఇవి చిక్కన, తేనె రంగు.
హార్బర్ లేన్స్ నూనె.
ఆ హాలు మూతపడి నాలుగేళ్ళు,
ఇప్పుడక్కడ సామాన్ల గోదాము, ఒక్కో అరకీ ఒక్కో తాళం.
పన్నెండో లేను చెక్క పలకలతో ఎవరో
భోజనాల బల్ల చేయించుకున్నారని విన్నాం.
బెర్నడీన్ ఒక బొట్టుని వేలికి ఎత్తుకుని
వాసన చూసింది, చాలాసేపు.
"సబ్బు" అంది.

రెండోసారి ముంచలేదు దాన్ని.
ఒక్క తడవ తుడిచి, సంచీలో పెట్టి, జిప్పు లాగేసింది.
కిందికి మాత్రం దింపనివ్వలేదు.
తలుపు పక్కన, మంచు బూట్ల దగ్గర పెట్టించింది.

బుధవారం చిన్న బంతి ఎడమకి తిరిగింది.
తిరగాల్సినదానికంటే కాస్త ఎక్కువే తిరిగింది.
తొమ్మిది పడ్డాయి.
కుడి మూల పిన్ను ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంది.
దాన్ని వాళ్ళమ్మ భాషలో ఏదో అంది బెర్నడీన్.
నాకు పోలిష్ ఒక్క ముక్క రాదు.
అనువాదం అడగాల్సిన అవసరమూ రాలేదు.